పని అయి రెండేళ్లు.. ఎక్స్‌ట్రా పనికి కాగితం లేదు. ఫైనల్ బిల్లు మీద సంతకం పెట్టాలా వద్దా?

గుండ్లకమ్మ గట్టు
అందరికీ నమస్కారం. మాది ప్రకాశం జిల్లా. నాన్నగారి కాలం నుంచీ చిన్న కాంట్రాక్టులే చేస్తున్నాం. చెరువు సప్లై చానల్ పూడికతీత, రెండు తూముల మరమ్మతు, కొంత మేర సైడ్ వాల్, ఇదీ పని. ఎస్టిమేట్ మీద 11 శాతం లెస్ (అంత తక్కువకు) టెండరు వేశాను, అగ్రిమెంటు 41 లక్షలకు అయింది.

ఎస్టిమేట్‌లో మెత్త నేల అని రాసిన చోట రాయి పడింది. కంప్రెషర్ తెప్పించి కొట్టించాల్సి వచ్చింది. ఈలోగా ఊళ్లో వాళ్లు వచ్చి వాల్ తమ పొలాల దాకా రావాలని గోల. అప్పటి డీఈ (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్) గారు గట్టు మీద నిలబడి "ఇంకో 60 మీటర్లు లాగెయ్యవయ్యా, రివైజ్డ్ ఎస్టిమేట్‌లో పెట్టిద్దాం" అన్నారు. లాగాను. రాయి, వాల్ కలిపి నా లెక్కకు 6 లక్షల 40 వేలు.

డీఈ గారు బదిలీ అయిపోయారు. కొత్తాయన మంచివాడే, కానీ "కొలతల పుస్తకం ఎం-బుక్‌లో లేనిది నేనెట్లా రాసేది" అంటారు. అగ్రిమెంటు మేరకు ఫైనల్ బిల్లు రెడీ చేశారు. "ఈ పనికి సంబంధించి నాకు రావాల్సింది ఇంకేమీ లేదు" అనే కాగితం మీద సంతకం పెడితేనే అప్‌లోడ్ చేస్తారట. అంతకు ముందు పార్ట్ బిల్లు ఒకటి ప్రభుత్వం చెల్లింపులు చేసే ఆన్‌లైన్ సిస్టం సీఎఫ్‌ఎంఎస్‌లో ఎక్కి అట్లాగే ఉంది. తెచ్చిన డబ్బుకు నూటికి రెండు వడ్డీ. ఏం చేయమంటారు?

తూము లెక్క (రిటైర్డ్ డీఈ, ఇరిగేషన్)
సంతకం ఇప్పుడే పెట్టకండి. ముందు నాలుగు సంగతులు చెప్పండి. రాయి పడ్డప్పుడు లెవెల్స్ (నేల ఎత్తుల కొలతలు) ఎవరైనా తీశారా? తీసుంటే అవి రాసే ఎల్ఎఫ్ బుక్‌లో ఉంటాయి. ఎం-బుక్ ఎక్కకపోయినా ఎల్ఎఫ్ బుక్ ఎక్కడికీ పోదు. రెండు, వాల్‌కి కాంక్రీట్ వేసిన రోజున క్వాలిటీ కంట్రోల్ వాళ్లు వచ్చారా? వస్తే ఓకే కార్డు (పని వేయొచ్చని సంతకం పెట్టే కార్డు), క్యూబ్‌ల (కాంక్రీట్ బలం పరీక్షకు తీసే దిమ్మెల) రిజిస్టరు ఉంటాయి. అందులో చెయినేజీ (మొదటి నుంచి ఎంత దూరమో) రాస్తారు. మీ అగ్రిమెంటు ఏ చెయినేజీ దగ్గర ఆగాలో, ఓకే కార్డు ఏ చెయినేజీ దాకా ఉందో పక్కపక్కన పెడితే 60 మీటర్లూ దానంతటదే బయటపడుతుంది. మూడు, పైఅధికారి ఎవరైనా తనిఖీకి వచ్చి ఇన్‌స్పెక్షన్ నోట్ పంపారా? నాలుగు, మీరు ఒక్క ఉత్తరమైనా రాశారా?

నేను సర్వీసులో ఉండగా చూసిందే చెప్తున్నా. ఎం-బుక్‌లో ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) కొలతలు రాస్తాడు, కింద తేదీ వేసి సంతకం పెడతాడు, కాంట్రాక్టరు "ఒప్పుకుంటున్నాను" అని పెడతాడు, ఆ తర్వాత డీఈ వాటిని మళ్లీ సరిచూసే చెక్ మెజర్‌మెంట్. కాంట్రాక్టర్లలో సగం మంది ఆ పేజీ చదవరు, ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టేస్తారు. రాయి తగిలిన రోజున ఏఈ చేత "ఫలానా చెయినేజీ నుంచి ఫలానా దాకా హార్డ్ రాక్, ఫలానా లోతు నుంచి" అని ఒక్క లైను రాయించి ఉంటే ఇవాళ ఈ పోస్టు ఉండేది కాదు. రాయిని కొట్టి ఎత్తేశాక అక్కడ మిగిలేది గొయ్యి. అందులో ఏముండేదో ఎవరు చెప్పాలి?

పన్ను కట్టేవాడు
ఎవరూ అనని మాట నేనంటాను. 11 శాతం లెస్‌కి వేసినప్పుడే తెలుసు కదా గిట్టదని? ముందు తక్కువకు కొట్టి పని పట్టడం, తర్వాత "రాయి పడింది, వాల్ పెరిగింది" అని ఎక్స్‌ట్రాలు లాగడం. ఇది అందరూ ఆడే ఆటే. డీఈ నోటిమాట మీద ఆరు లక్షల పని ఎవరైనా చేస్తారా? నా డబ్బయితే నేనివ్వను. నిజానికి అది నా డబ్బే.

నాగావళి కంకర
పన్ను కట్టేవాడు గారూ, మీరు ఒక్కసారి టెండరు వేసి చూడండి. ఉమ్మడి రాష్ట్రంలో 2003లో వచ్చిన జీవో 94 ప్రకారం ఎస్టిమేట్ మీద 5 శాతం దాటి ఎక్సెస్ వేస్తే ఒప్పుకోరు. 25 శాతం కంటే లెస్ వేస్తే ఆ తేడాకు విడిగా సెక్యూరిటీ కట్టాలి. అంటే 25 దాకా లెస్ మామూలే అని ప్రభుత్వమే గీత గీసింది. ఊళ్లో పది మంది మిషన్లు కొనుక్కుని కూర్చున్నారు, ఈఎంఐలు ఆగవు, అందుకని వేస్తారు. బిల్లు చేతికొచ్చే లోపు ఇన్‌కం ట్యాక్స్ టీడీఎస్, జీఎస్టీ టీడీఎస్ 2 శాతం, లేబర్ సెస్ 1 శాతం, సీనరేజీ (కంకర, ఇసుక లాంటి ఖనిజాల రుసుం), న్యాక్ (నిర్మాణ శిక్షణ సంస్థ వాటా), ఎఫ్‌ఎస్‌డీ (డిపాజిట్ కింద ఆపే సొమ్ము) అన్నీ కోస్తారు. 2022 జులై 18 నుంచి చాలా ప్రభుత్వ పనులకు జీఎస్టీ 12 నుంచి 18 అయింది. అంతకు ముందు ఎస్టిమేట్లు వేసిన పనుల్లో ఆ తేడా కోసం మేం తిరగని ఆఫీసు లేదు.

నోటిమాట సంగతి అంటారా, డీఈ చెప్పాక "కాగితం ఇవ్వండి సార్" అన్నామనుకోండి, తర్వాతి పనికి ఆయన మనల్ని చూసే చూపే వేరు.

వకాల్తా (అడ్వకేట్)
గుండ్లకమ్మ గారూ, మీ వ్యవహారంలో రెండు వేరు వేరు డబ్బులున్నాయి. వాటిని కలిపేస్తే రెండూ చెడతాయి.

ఒకటి, డిపార్టుమెంటే ఒప్పుకుని సీఎఫ్‌ఎంఎస్‌లో ఎక్కించిన పార్ట్ బిల్లు. దాని మీద వివాదం లేదు, నిధులు విడుదల కాకపోవడమే సమస్య. ఇలాంటి వాటికి హైకోర్టులో రాజ్యాంగం 226 ఆర్టికల్ కింద రిట్ వేస్తున్నారు. 2014-19 మధ్య చేసిన ఉపాధి హామీ మెటీరియల్ పనుల బిల్లులు విజిలెన్స్ విచారణ పేరుతో ఆగినప్పుడు కూడా వందల మంది రిట్‌లు వేశారు, 2021లో హైకోర్టు 12 శాతం వడ్డీతో చెల్లించమంది. ఆర్డరు వచ్చినంత మాత్రాన మర్నాడు డబ్బు పడదు, కొందరు కోర్టు ధిక్కార పిటిషన్ల దాకా వెళ్లాల్సి వచ్చింది.

రెండోది మీ 6.40 లక్షలు. ఇది డిపార్టుమెంటు ఒప్పుకోని డబ్బు. రాయి పడిందా, ఎంత పడింది, ఎవరు చెప్పారు అన్నవి సాక్ష్యంతో తేలాల్సినవి. రిట్‌లో వీటిని పెడితే "సివిల్ కోర్టుకు పోండి" అంటారు, ఆ ఆర్డరు వచ్చేసరికి మీ టైమూ కరిగిపోతుంది.

టైము ముఖ్యం. చెల్లింపుకి గడువు పెట్టని పనికి డబ్బు రాబట్టుకోవాలంటే దావా గడువులు చెప్పే లిమిటేషన్ చట్టం 18వ ఆర్టికల్ ప్రకారం పని పూర్తయిన నాటి నుంచి 3 ఏళ్లు. మీకు రెండు అయిపోయాయి. ప్రభుత్వం మీద దావా వేయాలంటే ముందు సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) సెక్షన్ 80 నోటీసు ఇచ్చి రెండు నెలలు ఆగాలి. 3 లక్షలు దాటిన నిర్మాణ కాంట్రాక్టు వివాదం కమర్షియల్ కోర్టు పరిధిలోకి వస్తుంది కాబట్టి, అత్యవసర ఉత్తర్వులేవీ అడగనప్పుడు దావాకు ముందు కమర్షియల్ కోర్టుల చట్టం 12ఏ కింద మీడియేషన్ (రాజీ చర్చలు) కూడా తప్పనిసరి. నోటీసు కాలం, మీడియేషన్ కాలం లిమిటేషన్‌లోంచి తీసేస్తారు. అయినా చివరి నెల దాకా లాగొద్దు.

మాజీ సర్పంచ్ నల్గొండ
మీకు రెండేండ్లే అన్నా, మాది అడగకు. పల్లె ప్రగతిల వైకుంఠధామం కట్టినం, డంపింగ్ యార్డు కట్టినం, క్రీడా ప్రాంగణం చేసినం. పైనుంచి రోజూ ఫోన్లే, ఫొటోలు పెట్టుమని. గుత్తేదారు ఎవడూ ముందుకు రాకుంటే నేనే మిత్తికి తెచ్చి పెట్టిన. ఇంట్ల పుస్తెలతాడు కుదువ వోయింది. 2024 ఫిబ్రవరిల మా పదవి దిగిపోయింది, చెక్కు పవర్ స్పెషలాఫీసర్‌కు వోయింది. ట్రెజరీల టోకెన్ నంబరు నా పేరు మీద ఇంకా ఉన్నది, పైసలే లెవ్వు.

పన్ను కట్టెటాయన అన్నది గూడ తప్పంటలేను. మా మండలంల ఒకాయన కట్టని రోడ్డుకు బిల్లు లేపిండు. గానీ కట్టని దానికి ఎత్తినోడు ముందల ఎత్తుకుంటడు, కట్టినోడు లైన్ల నిలబడ్డడు. గిదేం లెక్క?

హైవే బంటు
నేను కేంద్ర ప్రభుత్వ రంగ రోడ్డు ప్రాజెక్టుల్లో క్లెయిమ్స్ చూస్తాను. ఎవరూ ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు) మాటే ఎత్తలేదేం? నోటీసు ఇచ్చి ఆర్బిట్రేటర్‌ని అడిగితే ఆర్బిట్రేషన్ చట్టం 29ఏ ప్రకారం ఏడాదిలో, మహా అయితే ఏడాదిన్నరలో తేల్చాలి కదా. సివిల్ కోర్టు అంటే మనవలు చూడాలి తీర్పు.

వకాల్తా
మీ కాంట్రాక్టులో ఆ క్లాజ్ ఉంటుంది, వీరిదాంట్లో ఉండదు. ఆంధ్రప్రదేశ్ స్టాండర్డ్ స్పెసిఫికేషన్స్ ప్రిలిమినరీ స్పెసిఫికేషన్‌లో 73వ క్లాజ్ తీసి చూడండి. చిన్న క్లెయిములు అధికారుల ముందు, 50 వేలు దాటిన క్లెయిమైతే సివిల్ కోర్టులో దావా. ఉమ్మడి రాష్ట్రం 1980లలోనే పెద్ద క్లెయిముల్ని ఆర్బిట్రేషన్ నుంచి తప్పించింది. ఈ 50 వేల గీత అప్పటిదే, ధరలు ఎంత పెరిగినా అది కదల్లేదు. ఇవాళ 50 వేలంటే ఒక జేసీబీ వారం అద్దె కూడా కాదేమో.

ఇక ఆర్బిట్రేషన్ వేగం గురించి. ఢిల్లీ మెట్రో ఎయిర్‌పోర్ట్ లైను కేసులో అవార్డు (ఆర్బిట్రేటర్ల తీర్పు) 2017లో వచ్చింది. సుప్రీంకోర్టు 2021లో దాన్ని నిలబెట్టింది, 2024 ఏప్రిల్‌లో క్యూరేటివ్ (తన తీర్పునే సరిదిద్దమని అడిగే) పిటిషన్‌లో అదే కోర్టు కొట్టేసింది. వడ్డీతో కలిపి దాదాపు 8 వేల కోట్ల వ్యవహారం. ఆ తర్వాత జూన్‌లోనే కేంద్ర ఆర్థిక శాఖ, 10 కోట్లు దాటిన వివాదాలకు ఆర్బిట్రేషన్‌ను మామూలుగా పెట్టొద్దని తన శాఖలకు మార్గదర్శకాలిచ్చింది. మీ వైపు కూడా తలుపు మూస్తున్నారు.

హైవే బంటు
అది నిజమే మేడం. కానీ మాకు ఒక్క మంచి జరిగింది. ప్రభుత్వ సంస్థే తన ఆర్బిట్రేటర్ల ప్యానెల్ చూపించి "ఇందులోంచే ఎంచుకో" అనడం కుదరదని 2024 నవంబర్‌లో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఇంకోటి, అవార్డు మీద ప్రభుత్వం కోర్టుకెక్కితే బ్యాంకు గ్యారంటీ తీసుకుని 75 శాతం ముందే ఇవ్వాలని కేంద్రం ఆర్థిక నియమాల్లో (జీఎఫ్‌ఆర్) 227ఏ ఉంది. ఉంది అంతే, అడిగి తెచ్చుకోవాలి.

పన్ను కట్టేవాడు
చిన్నవాళ్ల మీద పడ్డానని అందరూ నన్ను తిడుతున్నారు, సరే. పెద్దవాళ్ల సంగతి చూడండి మరి. కాళేశ్వరం మీద కాగ్ నివేదిక 2024 ఫిబ్రవరిలో అసెంబ్లీలో పెట్టారు. 81,911 కోట్లు అని చూపించిన ఖర్చు 1,47,427 కోట్లు దాటొచ్చని అందులో ఉంది. పెట్టే ప్రతి రూపాయికీ వచ్చే ప్రయోజనం 52 పైసలట. 2023 అక్టోబర్‌లో అదే ప్రాజెక్టులోని మేడిగడ్డ బ్యారేజీ పియర్ (స్తంభం) కుంగింది. పర్యవేక్షణ ఏమైంది? ఏఈ నుంచి ఈఎన్‌సీ (ఇంజనీర్ ఇన్ చీఫ్) దాకా అన్ని సంతకాలూ ఉన్నాయి కదా, మీరు చెప్పే ఎం-బుక్కుల్లో?

తూము లెక్క
న్యాయమైన ప్రశ్న. నేను కాళేశ్వరంలో పనిచేయలేదు కాబట్టి దాని లోపలి సంగతులు మాట్లాడను. కానీ మేడిగడ్డ కుంగాక బాగుచేసే ఖర్చు ఎవరిది అని మొదలైన తగువు చూడండి. మొత్తం కంప్లీషన్ సర్టిఫికెట్ ఎప్పుడిచ్చారు, డిఫెక్ట్ లయబిలిటీ పీరియడ్ (డీఎల్‌పీ, లోపాలొస్తే కాంట్రాక్టరే బాగుచేయాల్సిన కాలం) ఎప్పటి నుంచి లెక్క అన్న దాని మీదే తిరిగింది. వేల కోట్ల పనైనా, మన గుండ్లకమ్మ గారి చానల్ అయినా చివరికి ఒక తేదీ, ఒక సంతకం దగ్గరే చిక్కు పడుతుంది.

ఈపీసీ గురించి కూడా చెప్పాలి. 2004 తర్వాత జలయజ్ఞంలో పెద్ద పనులు ఈపీసీకి ఇచ్చారు. సర్వే, డిజైన్, కట్టడం అన్నీ కాంట్రాక్టరే, మొత్తం ఒక లంప్‌సమ్. అంతకు ముందు పద్ధతిలో మేం పొద్దున్నే టేపు పట్టుకుని కాలవ మీద కొలతలు తీసేవాళ్లం. ఈపీసీలో చెల్లింపు శాతాల మీద, కొలత మీద కాదు. డిజైన్‌లో పరిమాణం తగ్గితే ఆ మిగులు కాంట్రాక్టరుదే. పెరిగిందంటే మాత్రం "స్కోప్ మారింది, అదనం ఇవ్వండి" అని వస్తారు. సరైన సర్వేలు లేకుండానే టెండర్లకు వెళ్లారని 2012లో జలయజ్ఞం మీద కాగ్ తప్పుపట్టింది. నేల కింద ఏముందో చూడకుండా ధర రాస్తే ఎక్కడైనా ఇదే గతి. మన పోస్టులోనూ మెత్త నేల అని రాసింది ఒక ట్రయల్ పిట్ (పరీక్ష గొయ్యి) కూడా తీయకుండానే అయ్యుంటుంది, పందెం.

నాగావళి కంకర
ఆదా సంగతీ ఒకటుంది కదా సార్. 2019లో పోలవరం హెడ్‌వర్క్స్, జలవిద్యుత్ పనుల్ని రివర్స్ టెండరింగ్‌కి (ధర ఇంకా కిందకి పాడే వేలానికి) పెడితే 4,987 కోట్ల పని 12.6 శాతం తగ్గి 4,358 కోట్లకు వచ్చిందని చెప్పారు. అదే ఏడాది 100 కోట్లు దాటిన టెండర్లు జడ్జి గారు చూశాకే పిలవాలని చట్టం తెచ్చారు. 2024లో ప్రభుత్వం మారి రివర్స్ టెండరింగ్ తీసేశారు. మాకు అర్థమైంది ఏమంటే, ప్రభుత్వం మారినప్పుడల్లా పాత బిల్లులు కిందకి పోతాయి.

కొత్త కంచె
అన్నా ఇన్ని సెక్షన్లు ఎందుకు. బిల్లులు పాస్ చేసే పీఏఓ దగ్గర మా వాడొకడున్నాడు, ఒక శాతం అనుకుంటే క్యూలో పైకి తెస్తాడు. మెసేజ్ పెట్టండి.

వకాల్తా
గుండ్లకమ్మ గారూ, ఆ మెసేజ్ పెట్టకండి. 2018లో అవినీతి నిరోధక చట్టం మారింది. లంచం ఇచ్చినవాడూ నేరస్థుడే. బలవంతం మీద ఇచ్చానంటే 7 రోజుల్లో ఫిర్యాదు చేసి ఉండాలి. ఎవరైనా అడిగితే 1064కి ఫోన్ చేయండి. మోడరేటర్ గారు పై పోస్టు చూడగలరు.

మోడరేటర్
చూశాం. సభ్యుణ్ణి తొలగించాం. పోస్టు మాత్రం ఉంచుతున్నాం, చదివేవాళ్లకు ఎవరిని నమ్మకూడదో తెలియాలి.

గుండ్లకమ్మ గట్టు
తూము లెక్క సార్ అడిగిన కాగితాల కోసం డివిజన్ ఆఫీసులో ఆర్‌టీఐ పెట్టాను, 10 రూపాయల ఫీజుతో. ఎం-బుక్ పేజీలు, ఎల్ఎఫ్ బుక్, ఓకే కార్డులు, తనిఖీ నోట్లు అడిగాను. 30 రోజుల గడువుకి రెండ్రోజుల ముందు ఇచ్చారు. ఓకే కార్డులు రెండింటిలో చెయినేజీ అగ్రిమెంటు దాటి ఉంది, క్యూబ్ టెస్టు కూడా పాసు. అంటే వాల్‌కి సాక్ష్యం దొరికింది. రాయికి మాత్రం లెవెల్స్ లేవు. నా ఫోన్‌లో కంప్రెషర్ ఫొటోలున్నాయి, దాని అద్దె రసీదులున్నాయి. ఎస్‌ఈ (సూపరింటెండింగ్ ఇంజనీర్) గారి తనిఖీ నోట్‌లో "చానల్‌లో రాతిపొర కారణంగా పురోగతి మందగించింది" అని ఒక వాక్యం ఉంది. ఇది పనికొస్తుందా?

పన్ను కట్టేవాడు గారికి: నా 11 శాతం లెస్‌లో రాయి లేదు. ఎస్టిమేట్‌లో రాయి ఐటమే లేనప్పుడు దానికి నేను రేటు ఎట్లా వేస్తాను?

తూము లెక్క
ఎస్‌ఈ గారి వాక్యం బంగారం. లెవెల్స్ లేవు కాబట్టి పరిమాణం మొత్తం రాదు, రాయి ఉందన్న సంగతి మాత్రం డిపార్టుమెంటు చేత్తోనే రుజువవుతుంది. వాల్ ఎలాగూ కళ్లెదుటే ఉంది, టేపు పెట్టి ఇవాళైనా కొలవొచ్చు. ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్) గారికి రాయండి, జాయింట్ మెజర్‌మెంట్ తీయమని, డీవియేషన్ స్టేట్‌మెంట్ (ఎస్టిమేట్‌కి, చేసిన పనికి తేడాల పట్టిక), సప్లిమెంటల్ (అదనపు) అగ్రిమెంటు పెట్టమని. రెండేళ్లు దాటాక రివైజ్డ్ శాంక్షన్ తేవడం కొత్త డీఈకి తలనొప్పే, అయినా అడగాలి. రాతపూర్వకంగా వాళ్లు "వీల్లేదు" అన్నా మీకు మేలే.

వకాల్తా
వాల్ గురించి చట్టం మీ వైపు కొంత ఉంది. ప్రభుత్వ కాంట్రాక్టు రాజ్యాంగం 299 ప్రకారం గవర్నర్ పేరు మీద రాతపూర్వకంగా ఉండాలి, డీఈ నోటిమాట కాంట్రాక్టు కాదు. కానీ కాంట్రాక్టు చట్టం సెక్షన్ 70 ఉంది: ఉచితంగా చేసే ఉద్దేశం లేకుండా ఒకరికి న్యాయంగా పని చేసిపెడితే, అవతలివాళ్లు దాన్ని అనుభవిస్తే, పరిహారం ఇవ్వాలి. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం - బి.కె. మండల్ కేసులో అధికారులు చెప్పారని షెడ్లు కట్టినవాళ్లకు సుప్రీంకోర్టు దీని కిందే డబ్బు ఇప్పించింది. అవతలివైపు వకీలు "అగ్రిమెంటులోనే అదనపు పనికి రాతపూర్వక ఆర్డరు ఉండాలని క్లాజ్ ఉంది, 70 వర్తించదు" అంటారు. అది బలమైన వాదనే. అందుకే ఓకే కార్డులు, ఎస్‌ఈ నోట్ అంత విలువైనవి, పని డిపార్టుమెంటుకు తెలిసే జరిగిందని చూపిస్తాయి.

సంతకం సంగతి: ముందు ఈఈకి స్పీడ్ పోస్టులో ఉత్తరం, అందిన రసీదు దాచుకోండి. "అగ్రిమెంటు మేరకు ఫైనల్ బిల్లు తీసుకుంటున్నాను, అదనపు పని మీద నా హక్కు వదులుకోవడం లేదు" అని. బిల్లు మీద కూడా అభ్యంతరంతో అని రాసి సంతకం చేయండి. అలా ఒప్పుకోకుండా, ఇంకేమీ రావాల్సింది లేదనే మామూలు నో-క్లెయిమ్‌ మీదే పెట్టించుకుంటే, అదే రోజు ఒత్తిడితో పెట్టానని ఇంకో ఉత్తరం వేయండి. ఒత్తిడి కింద తీసుకున్న నో-క్లెయిమ్‌తో హక్కు పోదని 2008లో బోఘరా పాలీఫ్యాబ్ తీర్పు ఉంది, అయితే ఆ ఒత్తిడిని మీరు రుజువు చేయాలి. ఆరు నెలల తర్వాత గుర్తొచ్చిన ఒత్తిడిని ఎవరూ నమ్మరు.

పన్ను కట్టేవాడు
వాల్ డబ్బు ఇవ్వొచ్చు. రాయి మీద నా అనుమానం అట్లాగే ఉంది. కానీ ఎస్టిమేట్ వేసినాయన జేబులోంచి ఒక్క రూపాయి ఎందుకు పోదో ఎవరైనా చెప్పండి.

స్కూలు ప్రహరీ
మధ్యలో వస్తున్నా, తిట్టుకోకండి. నాది స్కూలు కాంపౌండ్ వాల్. బ్యాంకు గ్యారంటీ వచ్చే నెల ఎక్స్‌పైర్ అవుతోంది, బిల్లు రాలేదు, డీఎల్‌పీ ఇంకా ఉంది. రెన్యువల్ చేయకపోతే ఏం చేస్తారు?

తూము లెక్క
గడువు తీరేలోపు ఆఫీసు బ్యాంకుకు క్లెయిమ్ ఉత్తరం పంపి డబ్బు లాక్కుంటుంది. రెన్యూ చేయండి, కమిషన్ పోయినా తప్పదు. బిల్లు రాలేదని గ్యారంటీ ఆపితే అది మీ తప్పు కింద రాస్తారు. రెన్యువల్ కాగితంతో పాటు బిల్లు ఎన్ని రోజులుగా పెండింగో ఒక ఉత్తరం జతచేసి ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి.